సబ్బు నురగ సాక్ష్యం

చన్నీళ్ళకు వేన్నీళ్ళు తోడన్నారు పెద్దలు. గ్యాసు గీజరు వచ్చాక ఆ రెంటికీ మరొకటి తోడయింది. పెట్టెలోకి ఒక గొట్టాన నీళ్ళు, ఇంకో గొట్టాన గ్యాసు వెళుతుంటాయి. బాగుచేసే అబ్బాయి సాధారణంగా రెంటికీ ఒకే మర్యాద చేస్తాడు: ఇంత తెల్లటేపు చుట్టి, రెంచితో బిగించి, "వాసన రావడం లేదండీ, ఇక ఫరవాలేదు" అంటాడు. నీళ్ళు కారితే నేల తడుస్తుంది. గ్యాసు కారితే ఇల్లే మిగలకపోవచ్చు గదా!

ఆ టేపు టెఫ్లానుతో చేసినది. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే శాస్త్రజ్ఞుడి చేతికి అనుకోకుండా చిక్కిన పదార్థమది. నీళ్ళకు వాడే పలచని తెల్లటేపు వేరు, గ్యాసుకు వాడే దళసరి పచ్చటేపు వేరు. అయినా అన్నిచోట్లా టేపు పనికిరాదు. కొసకు సన్నబడే మరలు ఒకదానిలో ఒకటి బిగిసేచోట పాత టేపంతా గీకేసి, మొదటి మర వదిలి, మర తిరిగే దిక్కుగానే చుట్టాలి. రబ్బరు వాషరు ఉన్నచోట గ్యాసును ఆపేది వాషరే. అది పగిలితే మార్చాలి గాని, టేపుతో కప్పిపుచ్చరాదు.

ఇక వాసన సంగతి. వంటగ్యాసుకు సొంత వాసన లేదు. పసిగట్టడానికని మెర్కాప్టాన్ కలుపుతారు. ఈ ఏర్పాటు స్థిరపడడం వెనక ఒక ఘోరం ఉంది. 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్ పాఠశాలలో వాసనలేని సహజవాయువు పేలి సుమారు మూడువందల మంది పిల్లలు, ఉపాధ్యాయులు చనిపోయారు. అయినా ముక్కు పూర్తిగా నమ్మదగిన సాక్షి కాదు. జలుబు చేస్తే పనిచెయ్యదు, కాసేపటికి అలవాటు పడిపోతుంది. పైగా వంటగ్యాసు గాలికన్నా బరువు, నేలనంటి పాకుతుంది.

నమ్మదగిన సాక్షి సబ్బు నురగ. గీజరు ఆర్పి, రెగ్యులేటరు తెరిచి, అతుకు చుట్టూ సబ్బునీళ్ళు రాసి చూడాలి. బుడగ ఉబ్బితే అతుకు కారుతున్నట్టే. అగ్గిపుల్ల గీసి చూసే సాహసం ఎవరూ చెయ్యకూడదు. గ్యాసు వాసన వస్తే స్విచ్చి వెయ్యకండి, ఆర్పకండి; రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరిచి, బయటికి వెళ్ళి 1906కు ఫోను చెయ్యండి.

అతుకులన్నీ భద్రమైనా ఇంకో శత్రువు మిగిలే ఉంటుంది. గాలాడని స్నానాలగదిలో గీజరు మండితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి వాసన ఉండదు, సబ్బు నురగ కూడా దాన్ని పట్టివ్వలేదు. గీజరును స్నానాలగది బయట, గాలి ధారాళంగా ఆడేచోట బిగించుకోవడమే మార్గం.

మరమ్మతు పని తెలిసినవాడే చెయ్యాలి. పరీక్ష మాత్రం మనం దగ్గరుండి చూడాలి. డబ్బు చేతిలో పెట్టేముందు, "సబ్బునీళ్ళు రాసి ఒక్కసారి చూపించు నాయనా" అని ఇల్లాలు అడిగితే, పనివాడు చిన్నబుచ్చుకోడు. ఒకవేళ చిన్నబుచ్చుకున్నా సరే, అడగవలసిందే.