శంకుస్థాపన రాయికీ, శ్లాబుకూ మధ్య ఎన్ని సంతకాలు?

విజయనగరం: విశ్వవిద్యాలయానికి కోట్లు మంజూరయ్యాయని వార్త వస్తుంది. మంత్రులు వచ్చి శంకుస్థాపన చేస్తారు. ఆ తరువాత నెలలు గడిచినా గోడ లేవకపోతే డబ్బు ఎవరో తినేశారని ఊళ్ళో అనుకుంటారు. అలాంటివి జరగవని కాదు. కానీ చాలాసార్లు ఆ డబ్బు అసలు బయలుదేరే ఉండదు. మంజూరు వేరు, విడుదల వేరు. ఈ తేడా తెలియకపోతే ఎవరిని ఏమని అడగాలో కూడా తెలియదు.

ప్రభుత్వ పథకంలో పక్కా ఇల్లు కట్టుకున్న వారికి ఇది కొత్త కాదు. ఇల్లు మంజూరైన రోజున చేతికి పైసా రాదు. పునాది లేస్తే ఒక బిల్లు, గోడలు లేస్తే మరొకటి, శ్లాబు పడితే ఇంకొకటి. విశ్వవిద్యాలయం సంగతీ ఇంతే. కాకపోతే మెట్లు ఎక్కువ, సంతకాలు మరీ ఎక్కువ.

ఈ జిల్లాకు వచ్చిన కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయాన్నే తీసుకుందాం. 2014 రాష్ట్ర విభజన చట్టం పదమూడవ షెడ్యూలులో దీని హామీ ఉంది. హామీల అమలుకు ఆ చట్టం పెట్టిన గడువు పదేళ్ళు. మొదట కొత్తవలస మండలం రెల్లిలో స్థలం చూశారు. 2018 నవంబరులో కేంద్ర మంత్రివర్గం మొదటి దశకు రూ. 420 కోట్లు ఆమోదించింది. 2019లో పార్లమెంటు చట్టం చేసింది. తరువాత స్థలం మెంటాడ, దత్తిరాజేరు మండలాలకు మారింది. 2023 ఆగస్టు 25న మర్రివలస వద్ద శంకుస్థాపన జరిగింది. అంటే చట్టంలో మాటకూ, నేలమీద రాయికీ మధ్య తొమ్మిదేళ్ళు. 2014లో అయిదో తరగతి ముగించిన గిరిజన బాలిక ఆ రాయి పడేనాటికి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండాలి. ఈలోగా విద్యార్థులకు తరగతులు కొండకరకాంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం పాత పి.జి. కేంద్రంలో నడిచాయి.

ఇంత కాలం ఎందుకు పట్టింది? ముందుగా భూమి. కేంద్ర విశ్వవిద్యాలయానికి భూమి ఇచ్చేది రాష్ట్రం, భవనం కట్టేది కేంద్రం. స్థలం తేలకుండా నేల పరీక్ష లేదు, ప్లాను లేదు, అంచనా లేదు. స్థలం మారిందంటే ఆ కాగితాలన్నీ మళ్ళీ మొదటికే వస్తాయి.

భూమి తేలాక విశ్వవిద్యాలయం లోపలి మెట్లు. ప్లానును, అంచనాను భవన నిర్మాణ సంఘం చూస్తుంది. ఖర్చును ఆర్థిక సంఘం పరిశీలిస్తుంది. ఆపైన పాలక మండలి ఆమోదించాలి. బడ్జెటులో లేని ఖర్చు ఏదైనా ఆర్థిక సంఘం చూడనిదే పాలక మండలికి పోరాదు. వైస్ చాన్సలర్ ఒక్కరే తలచుకున్నా భవనం లేవదు.

కేంద్ర ప్రభుత్వ 2017 ఆర్థిక నిబంధనలు ఇంకా గట్టిగా ఉన్నాయి. పరిపాలనా ఆమోదం, ఖర్చుకు అనుమతి, వివరమైన డిజైను, అంచనా, ఆ ఏడాదికి సరిపడా నిధులు, టెండరు, పని ఉత్తర్వు. ఇవన్నీ ఉంటేనే పని మొదలుపెట్టాలి. ఒక్కటి లేకపోయినా పార దించరాదు.

డబ్బు విడుదలకూ పద్ధతి ఉంది. జీతాల పద్దు వేరు, భవనాల పద్దు వేరు. ఒకదాని సొమ్ము మరొకదానికి వాడరాదు. వాయిదాలుగా వచ్చిన సొమ్ముకు వినియోగ ధ్రువపత్రం పంపాలి. అది ఆలస్యమైతే తరువాతి వాయిదా ఆగుతుంది. ఈలోగా సిమెంటు, ఇనుము ధరలు పెరుగుతాయి. అంచనా పరిమితి దాటితే సవరించిన అంచనాతో మళ్ళీ పై మెట్లు ఎక్కవలసిందే.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిస్థితి మరీ ఇబ్బంది. రాష్ట్రం ఇచ్చే గ్రాంటులో ఎక్కువ భాగం జీతాలకు, పింఛన్లకే పోతుంది. భవనాలకు కేంద్ర పథకాల వైపు చూడాలి. 2013లో వచ్చిన రూసా పథకం కింద మన రాష్ట్రంలో కేంద్రం 60 పాళ్ళు, రాష్ట్రం 40 పాళ్ళు భరించవలసి ఉండేది. రాష్ట్రం తన వాటా వేయకపోతే కేంద్రం వాటా కూడా చిక్కులో పడేది.

ఈ మెట్లన్నీ అనవసరమని చెప్పలేం. ప్రజల సొమ్ముకు కాపలా ఉండవలసిందే. అయితే కాపలా పేరుతో కాగితం ఏ బల్లమీద ఎన్నాళ్ళు పడుకున్నదో ఎవరూ చెప్పకపోవడమే అసలు లోపం. భూమి ఇచ్చిన రైతుకు, పిల్లను చదివించాలనుకున్న గిరిజనుడికి ఆ లెక్క తెలియాలి.

అందుకు మార్గం ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో విశ్వవిద్యాలయాన్నే అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగవలసినవి నాలుగే. మంజూరు ఎంత? ఇప్పటికి విడుదల ఎంత? ఖర్చు ఎంత? తరువాతి వాయిదాకు ఏ కాగితం అడ్డం? "భవనం ఎప్పుడు కడతారు?" అని సభలో అడిగితే "త్వరలోనే" అన్న మాట వస్తుంది. ఈ నాలుగూ అడిగితే అంకెలు చెప్పక తప్పదు.