నలుగురు, ఒక కాల్, ఒక పాచిక

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ ఆన్‌లైన్‌లో ఆడటానికి సులువైన దారేది అని అడిగి చూడండి. జవాబుగా ఏదో ఒక సాఫ్ట్‌వేర్ పేరు వస్తుంది: రోల్20 అనో, ఫౌండ్రీ అనో. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. అకౌంట్ తెరవాలి, మ్యాప్ ఎక్కించాలి, గళ్ళు సరిచూసుకోవాలి, ఒక్కో పాత్రకీ ఒక్కో బిళ్ళ తయారుచేయాలి, చీకట్లో ఎవరికి ఎంత దూరం కనబడుతుందో కూడా తేల్చాలి. ఆదివారం సాయంత్రం మూడు గంటలు దొరికితే అందులో గంట "నాకు మ్యాప్ కనబడట్లేదు" అన్న మాటకే పోతుంది. తర్వాతి వారం ఒకరు రారు. ఆపై వారం ఆటే ఉండదు.

దీన్ని సులువంటే ఎలా?

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో వచ్చింది. బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధక్రీడల్లోంచే పుట్టింది కదా, మ్యాప్ లేకపోతే ఎలా అంటారు కొందరు. పుట్టుక నిజమే. కానీ దాన్ని కొత్త ఆటగా నిలబెట్టింది ఒక ప్రశ్న: "ఇప్పుడేం చేస్తావ్?" ఒకరు పరిస్థితి చెప్తారు, మిగతావాళ్ళు తమ పాత్రల తరఫున జవాబిస్తారు, ఏం జరుగుతుందో తెలీనప్పుడు పాచిక తేలుస్తుంది. ఇందులో ఫోన్లో చెప్పుకోలేనిది ఏముంది?

జాన్ హార్పర్ 2013లో రాసిన 'లేజర్స్ అండ్ ఫీలింగ్స్' చూడండి. రూల్సన్నీ ఒక్క పేజీ. 2 నుంచి 5 లోపు ఒక అంకె ఎంచుకోవాలి. తెలివితో, నిదానంగా చేసే పనికి పాచిక మీద అంతకన్నా తక్కువ పడాలి; మనసుతో, ఆవేశంతో చేసే పనికి ఎక్కువ పడాలి. సరిగ్గా అదే అంకె పడితే, ఆట నడిపేవాళ్ళని ఒక ప్రశ్న అడగొచ్చు. నేర్చుకోడానికి పది నిమిషాలు చాలు. వాట్సాప్ గ్రూప్ కాల్ సరిపోతుంది. పాచిక ఎవరింట్లో వాళ్ళు వేసుకుని అంకె చెప్తే నమ్మండి. స్నేహితుడు పాచిక దగ్గర అబద్ధమాడతాడని భయమైతే, సాఫ్ట్‌వేర్ తీర్చే సమస్య కాదది.

ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు డల్లాస్‌లో ఉండి వేళలు కుదరకపోతే మెసేజుల్లో ఆడండి. రోజుకి ఒక్కొక్కరిదీ ఒక్క ఎత్తు.

భారీ పోరాటాల్లో ఎవరెక్కడున్నారో గుర్తుండదన్నది న్యాయమైన మాటే. కాగితం మీద గీసి ఫొటో పంపితే చాలా మటుకు తీరుతుంది. గళ్ళ మీద ఎత్తులు వేయడమే ఇష్టమైనవాళ్ళు ఫౌండ్రీ వాడుకోవచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళకి అదే గుమ్మమని చూపించకండి.

నా గొడవ వృథా అయ్యే గంట గురించే కాదు. తెరమీద "అటాక్" అని బటన్ కనబడుతుంటే చెయ్యి దాని మీదకే పోతుంది. కాపలావాణ్ణి బతిమాలి, పాత బాకీ గుర్తుచేసి, వాళ్ళమ్మ మీద ఒట్టేసి లోపలికి పోవచ్చన్న ఊహే రాదు. అప్పటిదాకా తెలుగులో కబుర్లు చెప్పుకున్న నలుగురు, ఆట మొదలవగానే ఆ బటన్ల ఇంగ్లీషులోకి జారిపోతారు. వెటకారం పోతుంది, యాస పోతుంది, పాత్రలన్నీ ఒకేలా మాట్లాడతాయి.

ఈ ఆదివారం ల్యాప్‌టాప్ మూసేసి కాల్ చేయండి. మొదటి వాక్యం తెలుగులో చెప్పండి. తర్వాత "ఇప్పుడేం చేస్తావ్?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి.