గింజల లెక్కా చదువే

"బడికి పంపితే మావాడిచేత గింజలాడిస్తున్నారు" అన్న ఫిర్యాదు పల్లెల్లో అప్పుడప్పుడు వినవస్తున్నది. నోటుపుస్తకం నిండా రాతలుంటే చదువు సాగుతున్నట్లు, పిల్లలు నేలమీద కూర్చుని చింతగింజలు లెక్కపెడుతుంటే అయ్యవారు పొద్దుపుచ్చుతున్నట్లు పెద్దలు భావించడం కద్దు. మరోవంక గోడకు పెద్ద టీవీ బిగిస్తే చాలు, మన బడి పట్నం బడి అయిపోయిందని సంబరపడేవారూ ఉన్నారు. ఈ రెండు అభిప్రాయాలూ సరికావు. పిల్లలు చేత్తో చేసి, నోటితో చెప్పి, తమకు తాముగా తేల్చుకున్నదే నిలిచే చదువు. అందుకు గింజ పనికివస్తే గింజ వాడాలి, టీవీ పనికివస్తే టీవీ వాడాలి.

చిన్న తరగతుల లెక్కనే చూద్దాం. 47 అని పలకమీద పదిసార్లు రాసిన పిల్లవాడికి అందులోని 4 అంటే నలభై అని తెలియకపోవచ్చు. చీపురు పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టించి, నాలుగు కట్టలు, ఏడు విడిపుల్లలు చేతికిస్తే తెలుస్తుంది. పక్కనే ఏడు కట్టలు, నాలుగు పుల్లలు పెడితే 47కు, 74కు భేదం కంటికే కనబడుతుంది. 32లోనుంచి 17 తీసివేయాలంటే రెండు పుల్లల్లోంచి ఏడు రావు. ఒక కట్ట విప్పవలసిందే. విప్పితే పన్నెండు పుల్లలవుతాయి. ఏడు తీస్తే ఐదు మిగులుతాయి. ఉన్న రెండు కట్టల్లో ఒకటి తీస్తే ఒకటి ఉంటుంది. జవాబు 15. మనం చిన్నప్పుడు "అప్పు తెచ్చుకోవడం" అని బట్టీపట్టిన మాటకు అర్థం ఆ కట్ట విప్పడంలోనే ఉన్నది. కొద్దిరోజులు పుల్లలతో చేయించి, ఆ తరువాత పలకమీద చేయిస్తే పిల్లలు తడబడరు. దీనికయ్యే ఖర్చు ఒక చీపురు.

భాషకూ ఇదే దారి. అవ్వ చెప్పిన కథను పిల్లలచేత చెప్పించి, వారి మాటలనే నల్లబల్లమీద రాసి చదివిస్తే, తాము పలికిన మాట అక్షరమై కనబడుతుంది. ఖాళీ సబ్బు డబ్బాలు, బిస్కెట్టు పొట్లాలు తెచ్చి తరగతిలో అంగడి పెడితే ధర చదవడం, చిల్లర లెక్క, మర్యాదగా మాట్లాడడం మూడూ ఒక్కసారే వస్తాయి. వేరుశనగ గింజలు కొన్ని తడిగుడ్డలో, కొన్ని పొడిగుడ్డలో పెట్టి, ఏవి మొలిచాయో రోజూ చూసి రాయమంటే విజ్ఞాన పాఠానికి వేరే ప్రయోగశాల అక్కరలేదు.

ఇది కొత్తగా పుట్టిన మాట కాదు. 1980లలో బ్రిటన్ ఆర్థిక సహాయంతో మన రాష్ట్రంలో మొదలైన ప్రాథమిక విద్యా పథకం పిల్లలచేత పనులు చేయించి నేర్పాలని, చుట్టూ దొరికే వస్తువులనే వాడాలని, పిల్లలు చేసినవాటిని తరగతి గోడలమీద ప్రదర్శించాలని ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

అదే దశాబ్దం చివర మదనపల్లె సమీపాన రుషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వారు చుట్టుపట్ల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు ప్రారంభించారు. అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో కూర్చునే ఆ బడులకోసం పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడదీసి కార్డులు తయారు చేశారు. కార్డుమీది గుర్తును బట్టి తన మెట్టు ఏదో పిల్లవాడే తెలుసుకుంటాడు. జ్వరం వచ్చి వారం రోజులు మానినా, తాను వదిలిన మెట్టునుంచే మళ్లీ మొదలుపెడతాడు. కర్ణాటకలో 1995 ప్రాంతంలో హెగ్గడదేవనకోటె తాలూకాలో మొదలైన 'నలి కలి' విధానానికి ఈ బడులే దారి చూపాయి. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై, ఆ తరువాత తమిళనాడు అంతటా వ్యాపించిన పద్ధతికీ మూలం ఇక్కడిదే. పొరుగు రాష్ట్రాలవారు వచ్చి చూసి నేర్చుకున్నదాన్ని మనవారే గింజలాట అని ఈసడించడం విచారకరం.

ఇక యంత్రాల సంగతి. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. అందులో మన రాష్ట్రమూ ఒకటి. బడిపిల్లలకు తెలుగులోనే కార్యక్రమాలు వచ్చేవి. ఏడాది గడువు తీరగానే అమెరికావారి ఆ ఉపగ్రహం వెళ్లిపోయింది. బడిలో మిగిలింది ఉపాధ్యాయుడూ, నల్లబల్లా. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం కింద బడులకు బోధన సామగ్రి ఇచ్చారు. పగిలితే జవాబు చెప్పుకోవాలన్న భయంతో చాలాచోట్ల ఆ సామగ్రి పెట్టెల్లోనే ఉండిపోయింది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లోని ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు రావడం మొదలైంది. వీటికి కూడా ఆ గతి పట్టకూడదు.

టీవీ అక్కరలేదని ఎవరూ అనరు. పల్లెలో లేనిదాన్ని చూపడానికి అది మంచి సాధనం. సముద్రపు అలను, మంచుకొండను, గుండె కొట్టుకునే తీరును నల్లబల్ల చూపలేదు. కాని గుమ్మం ముందున్న వేపచెట్టును టీవీలో చూపడం వృథా. ఐదారు నిమిషాల బొమ్మ చాలు. వేయడానికి ముందు ఒక ప్రశ్న అడగాలి. మధ్యలో ఆపి, తరువాత ఏమవుతుందని అడగాలి. అయిన తరువాత పిల్లలచేత బొమ్మ గీయించాలి, లేదా చెప్పించాలి. గంటసేపు టీవీ వేసి పక్కన రిజిస్టర్లు రాసుకుంటే అది పాఠం కాదు. నెట్ అందని ఊళ్లలో దీక్షా పాఠాలను ముందురోజే ఫోనులోకి దించుకోవచ్చు. పిల్ల చదువుతుంటే ఫోనులో రికార్డు చేసి ఆమెకే వినిపిస్తే, ఎక్కడ తడబడిందో ఆమే పట్టుకుంటుంది. ఇంతకన్న చవకైన పరికరం లేదు.

ఉపాధ్యాయుల ఇబ్బందినీ గుర్తించాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు. అంటే ఐదు తరగతులు ఇద్దరి మీద పడతాయి. ఒక జట్టు పుల్లలతో లెక్క చేసుకుంటుంటే మరో జట్టుకు పాఠం చెప్పుకునే వీలున్నందున, ఇటువంటి బడికి పనుల ద్వారా నేర్పడం తప్పనిసరి అవసరం. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప ఇతర బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వాడరాదని అదే చట్టం చెబుతున్నది. అధికారులు ఆ మాటను నిలబెట్టాలి. అడిగినప్పుడల్లా ఫోటోలు, లెక్కలు పంపుతూ కూర్చుంటే పుల్లలు కట్టించేదెప్పుడు? పిల్లలు వాడగా అరిగినదానికి, విరిగినదానికి ఉపాధ్యాయుణ్ణి బాధ్యుణ్ణి చేయబోమని కూడా అధికారులు స్పష్టంగా చెప్పాలి.

గ్రామస్థుల వంతు కూడా ఉన్నది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం. ఆ కమిటీ సంతకాలకే పరిమితం కారాదు. టీవీ పనిచేస్తున్నదా, కరెంటు ఉన్నదా, వచ్చిన గ్రాంటులో బోధన సామగ్రికి ఎంత పెట్టారని అడగాలి. అడిగినంతనే సరిపోదు. చింతగింజలు, ఖాళీ డబ్బాలు, పాత క్యాలెండర్లు ఇంటింటినుంచి చేర్చి ఇవ్వాలి. ఊరి కుమ్మరి, వడ్రంగి, కథలు చెప్పే అవ్వ నెలకొకసారి బడికి వస్తే అంతకు మించిన పాఠం ఉండదు.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవాలి, మామూలు లెక్కలు చేయగలగాలి అన్నది 2021లో ప్రారంభమైన నిపుణ్ భారత్ లక్ష్యం. 2026-27 నాటికి సాధించాలని గడువు పెట్టారు. ఆ వయసులో చదవడం రాని బిడ్డ పై తరగతుల్లో ప్రతి పుస్తకం ముందూ మూగబోతుంది, చివరకు బడి మానుతుంది. నష్టపోయేది ఆ ఇల్లే. పిల్లలు తగ్గితే ఊరి బడి నిలవదు. అప్పుడు బస్సు చార్జీలు, ఫీజులు కట్టలేనివారి బిడ్డలకు దిక్కెవరు?

కనుక తల్లిదండ్రులు నోటుపుస్తకంలో ఎన్ని పేజీలు నిండాయో చూడడం మాని, ఇంట్లో ఒక చిన్న పరీక్ష పెట్టాలి. ఈ పత్రికనే ఇచ్చి నాలుగు పంక్తులు చదివించి, ఏం తెలిసిందో చెప్పమనండి. అంగడికి పంపి చిల్లర లెక్క అడగండి. బిడ్డ చెప్పగలిగితే, అయ్యవారు గింజలు ఆడించినా, టీవీ చూపినా ఆయనకు నమస్కారం పెట్టండి. చెప్పలేకపోతే మరునాడే బడికి వెళ్లి, కోపంతో కాక ఓపికతో, కలిసి ఏంచేద్దామని అడగండి.