బామ్మకు ఎవరి ప్రశ్నపత్రం?

మతిమరుపు ఎక్కువైందని పెద్దవాళ్లను న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకెళ్తే, స్కానింగు మాట రాకముందే పది నిమిషాల పరీక్ష ఒకటి పెడతారు. ఇవాళ తేదీ ఎంత? ఇది ఏ కాలం? నేను చెప్పే మూడు మాటలు కాసేపయ్యాక మళ్లీ చెప్పండి. వందలోంచి ఏడు తీసేయండి, మిగిలినదాంట్లోంచి మళ్లీ ఏడు. ఈ బొమ్మ చూసి గీయండి. మొత్తం 30 మార్కులు. 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి అమెరికాలో తయారుచేసిన ‘మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్’ ఇది. 24 కంటే తక్కువొస్తే అనుమానించాలన్నది ఏళ్ల తరబడి నడుస్తున్న లెక్క.

ఆ లెక్క అమెరికాలోనే అందరికీ సరిపోలేదు. అక్కడి మామూలు జనంలో వేలమందికి ఈ పరీక్ష పెట్టి, చదువునుబట్టి ఫలితాలు విడదీసి 1993లో ప్రచురించారు. తొమ్మిదేళ్లో అంతకంటే ఎక్కువో చదివినవాళ్ల మధ్యస్థ మార్కు 29. నాలుగేళ్లలోపే బడికెళ్లినవాళ్లది 22. అంటే బడి మొహం పెద్దగా చూడనివాళ్లలో సగానికి పైగా అనుమానితుల జాబితాలోకి వెళ్తారు. ఇక మన సంగతి చూడండి. 1961 జనగణన నాటికి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి 21 మంది. అప్పుడు బడి ఈడులో ఉన్న పిల్లలే ఇప్పుడు మనం ఆస్పత్రికి తీసుకెళ్తున్న తాతలు, బామ్మలు.

దీనికి చాలామంది చెప్పే మందు, చదువు తక్కువైతే కాసిని మార్కులు కలపడం. 2005లో మాంట్రియల్‌లో రూపొందిన ‘మోకా’ పరీక్ష, చదువు పన్నెండేళ్లు దాటనివాళ్లకు ఒక్క మార్కు కలుపుతుంది. ఇంటర్‌తో ఆపేసినవాళ్లకూ అదే ఒక్కటి, పలక పట్టనివాళ్లకూ అదే ఒక్కటి. ఆ ఒక్కటి పది చేసినా నాకు అభ్యంతరమే. గ్రేస్ మార్కులు ప్రశ్నపత్రంలోని తప్పును సరిదిద్దవు. ఆ మోకాలోనే ఘనం బొమ్మ గీయమంటారు, అంకెలనూ అక్షరాలనూ మార్చి మార్చి గీతతో కలపమంటారు, ఖడ్గమృగం బొమ్మ చూపి పేరడుగుతారు. డెబ్బై ఏళ్లలో పెన్సిల్ పట్టని చేత్తో ఘనం గీయిస్తే తెలిసేది ఆ చేతికి పెన్సిల్ అలవాటు లేదనే. జ్ఞాపకశక్తి సంగతి ఏమీ తెలియదు. పంచాంగం చూడకుండా తొలి ఏకాదశి ఇంకెన్ని రోజులుందో చెప్పే ముసలమ్మ, ఇంగ్లిష్ తేదీ చెప్పలేక మార్కు పోగొట్టుకుంటుంది.

ప్రశ్నలనే మార్చిన పని మన దేశంలో ఎప్పుడో జరిగింది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో మేరీ గంగూలీ, విజయ్ చంద్ర తదితరులు మినీ మెంటల్ పరీక్షకు హిందీ రూపం తయారుచేసి 1995లో ప్రచురించారు. కాగితం మీద ఉన్నది చదివి కళ్లు మూసుకోమనే ప్రశ్న తీసేసి, ‘నా మొహం చూసి నేను చేసినట్టే చేయండి’ అన్నారు. ఒక వాక్యం రాయమనే చోట, ‘మీ ఇంటి గురించి ఏదైనా చెప్పండి’ అని అడిగారు. గుర్తుపెట్టుకోవాల్సిన మాటలు మామిడిపండు, కుర్చీ, నాణెం. కొలవాల్సింది అలాగే ఉంది, అడ్డుపడే అక్షరం తప్పుకుంది. రోజువారీ పనులు ఎలా సాగుతున్నాయో ఇంట్లోవాళ్లను అడిగే పట్టికను కూడా వాళ్లు ఇదే పనిలో భాగంగా తెచ్చారు. నా దృష్టిలో మార్కుల కంటే అదే ముఖ్యం. రిటైరైన హెడ్మాస్టరుగారు 28 తెచ్చుకుని బయటికొస్తారు. పింఛను లెక్క చూసుకోలేకపోతున్నారనీ, రోజూ వెళ్లే దారి తప్పుతున్నారనీ ఇల్లాలికి తెలుసు. కటాఫ్ చదువురానివాళ్లకు లేని జబ్బు అంటగట్టినట్టే, చదువుకున్నవాళ్లలో ఉన్న జబ్బును దాస్తుంది కూడా.

2004లో సిడ్నీలో, రకరకాల దేశాలనుంచి వలసవచ్చినవాళ్ల కోసం ‘రూడాస్’ అనే పరీక్ష చేశారు. రద్దీ రోడ్డు, సిగ్నల్ లేదు, జీబ్రా గీతలు లేవు, అటువైపుకి ఎలా వెళ్తారు అన్నది అందులో ఒక ప్రశ్న. హైదరాబాద్‌లో దీన్ని ఊహించుకోమని చెప్పక్కర్లేదు. అంత శ్రద్ధగా చేసిన ఆ పరీక్షలోనూ ఘనం బొమ్మ ఉండిపోయింది.

తెలుగుకు ఏమీ లేదనుకోకండి. కేంబ్రిడ్జ్‌లో పుట్టిన 100 మార్కుల ‘ఆడెన్‌బ్రూక్స్’ పరీక్షను హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం తెలుగువాళ్లకు తగ్గట్టు మలిచింది. ఆ బృందమే 2013లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలవుతోందని చూపింది. అక్షరం రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. బడికెళ్లిన ఏళ్లు మాత్రమే లెక్కపెట్టే పరీక్షకు ఈ సంగతి ఎక్కడ పడుతుంది? తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో కలిపి అయిదు భాషల్లో పరీక్షల సంపుటి ఒకటి తయారు చేయించింది.

ఇలాంటి పనికి ఏళ్లు పడుతుంది. ప్రశ్నలు మార్చగానే పని పూర్తయినట్టు కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ, జబ్బు ఖాయమైనవాళ్లకూ పెట్టి చూడాలి. పరీక్ష చెప్పిందీ, వైద్యులు విడిగా నిర్ధారించిందీ ఎంతవరకు కలుస్తున్నాయో తేల్చాలి. కటాఫ్ పెంచితే బాగున్నవాళ్లు ఇరుక్కుంటారు, తగ్గిస్తే జబ్బున్నవాళ్లు జారిపోతారు. ఎక్కడ ఆపాలో మన జనం మీద చూసే నిర్ణయించాలి. ఆస్పత్రికి వచ్చినవాళ్ల మీద తేల్చిన గీత ఊళ్లో ఇంటింటి సర్వేకి పనికిరాకపోవచ్చు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకు, చెవుడున్నవాళ్లకు, శుక్లాలు ముదిరినవాళ్లకు మళ్లీ వేరే ఏర్పాట్లు కావాలి. మూడు మాటలు వినపడకపోతే గుర్తుండేదెలా?

మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియాతో ఉన్నారని 2023లో వెలువడిన జాతీయ అంచనా. ఇంతమందిని న్యూరాలజిస్టులే చూడలేరు. ప్రజల డబ్బుతో తయారైన తెలుగు పరీక్షలు పెద్దాస్పత్రుల్లోనే ఉండిపోకుండా, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ వాటిని జిల్లా ఆస్పత్రులకూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకూ చేర్చాలి. నర్సులకు శిక్షణ ఇవ్వాలి.

మీ ఇంట్లో ఎవరినైనా ఈ పరీక్షకు తీసుకెళ్తుంటే కళ్లజోడు, చెవి మిషను మరవకండి. అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న తల్లిదండ్రులైతే మనవడి చేత తర్జుమా చేయించకుండా, శిక్షణ ఉన్న దుబాసీని ఇవ్వమని అడగండి. రిపోర్టు మీద ‘30కి 19’ అని మాత్రమే ఉంటే ఊరుకోకండి. ఏ పరీక్ష, ఏ భాషలో పెట్టారు, ఎంతవరకు చదువుకున్నారు అన్నవి కూడా రాయించుకోండి.