నాకు ఇరుకుగా ఉన్నది

గడచిన రెండు సంచికలలోను బేరింగులను గురించి, కందెనలను గురించి వ్రాసి మీ ఇంటిల్లిపాదికీ విసుగు కలిగించాను. "ఈసారైనా మాబోటి వాళ్ళకు అర్థమయ్యేది వ్రాయండి" అని మా ఆవిడ ఆజ్ఞాపించిన మీదట, ఈ నెల యంత్రాలను ప్రక్కన పెట్టి ఒక చిన్న మాటను ఎత్తుకొంటున్నాను. అది స్లోవాక్ భాషలోని మాట. నేను దానిని నేర్చుకొన్న చోటు మాత్రం ఖరగ్‌పూర్.

ఖరగ్‌పూర్ నా జన్మస్థలం. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి వర్క్‌షాపులో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్ళిన కుటుంబాలలో మాదీ ఒకటి. ఇంట్లో తెలుగు, గోల్‌బజారులో బెంగాలీ, ఆటస్థలంలో హిందీ ఎవరూ నేర్పకుండానే వచ్చేవి. అందువల్ల భాషలు నాకు ఇట్టే పట్టుబడతాయన్న గర్వం ఒకటి ఉండేది. ఆ గర్వం 2016లో అణగిపోయింది.

ఆ సంవత్సరం పనిమీద మూడు నెలలపాటు ఖరగ్‌పూర్‌లోనే ఒక అతిథిగృహంలో ఉన్నాను. ఒక యంత్రాన్ని నెలకొల్పడానికి స్లోవేకియా నుంచి వచ్చిన ఇంజినీరు నా ప్రక్కగదిలో ఉండేవారు. నా ఈడువారే. టాట్రా పర్వతాల దిగువన ఉన్న ఊరు. మన పెద్దతరం ఇంజినీర్లకు ఆ ప్రాంతంవారు కొత్త కాదు; చెకొస్లోవేకియా ఒకే దేశంగా ఉన్న రోజులలో రామచంద్రాపురంలోని భెల్ కర్మాగారం వారి సాంకేతిక సహకారంతోనే వెలసింది. 1993 జనవరి 1న ఆ దేశం రెండుగా విడిపోయింది. ఎవరైనా పొరపాటున "చెక్" అంటే ఆయన ముఖం చిన్నబోయేది. మనలను ఎవరైనా "మద్రాసీ" అన్నప్పుడు ఎట్లా ఉంటుందో అట్లాగే అనుకోండి.

సాయంత్రాలు ఆయనకు నేను తెలుగు, నాకు ఆయన స్లోవాక్ చెప్పుకొనేవాళ్ళం. అంకెలు, తిండి పదార్థాలు, పనిముట్ల పేర్లు త్వరగానే వచ్చాయి. ఒకనాటి రాత్రి ఆయన భోజనం ముట్టలేదు. ఏమైనదని అడిగితే, కొంచెంసేపు ఆలోచించి, తనకు వచ్చిన ఇంగ్లీషులో, "టుడే ఇట్ ఈజ్ నారో టు మీ" అన్నారు. గది ఇరుకుగా ఉన్నదన్న మాట! అతిథికి అసౌకర్యం కలగడమేమిటని నేను వెంటనే వార్డెనుకు చెప్పి, ఇద్దరు మనుషులను పెట్టి, పెట్టెలతో సహా ఆయనను భవనం రెండవ కొసన ఉన్న పెద్దగదికి మార్పించాను. ఆయన ఏదో చెప్పబోయి, ఊరుకొని, కృతజ్ఞతలు చెప్పారు. మంచిపని చేశానన్న తృప్తితో నేను హాయిగా నిద్రపోయాను.

తెల్లవారిన తరువాత తెలిసింది. ఆ రాత్రి వారి ఊరిలో ఆయన భార్యకు శస్త్రచికిత్స జరిగింది. ఆయన ఫోను చేతిలో పట్టుకొని, ఆ పెద్దగదిలో ఒంటరిగా, తెల్లవార్లూ కూర్చున్నారు. పాతగదిలోనే ఉండి ఉంటే గోడ ఇవతల నేను ఉండేవాణ్ణి.

ఆ మాట "యే మి ఊస్కొ". "యే" అంటే ఉన్నది, "మి" అంటే నాకు, "ఊస్కొ" అంటే ఇరుకుగా. ఆందోళనతో గుండె బిగుసుకొన్నప్పుడు స్లోవాకులు అనే మాట ఇది. ఆయన దానిని మాటకు మాటగా ఇంగ్లీషులో పెట్టారు. ఇంగ్లీషులో అది గది కొలత అయి కూర్చున్నది. అదే తెలుగులో పెట్టి ఉంటే నేను కనీసం అనుమానించేవాణ్ణి. ఎందుకంటే ఆ వాక్యం కట్టుబడి మన వాక్యానిదే. "యే మి జిమా" అంటే నాకు చలిగా ఉన్నది. "యే మి స్ముత్నొ" అంటే నాకు దిగులుగా ఉన్నది. ఇంగ్లీషువాడు "నేను" అని మొదలుపెట్టి బాధకు తానే కర్త అవుతాడు. మనమూ, స్లోవాకులూ "నాకు" అంటాము. బాధ ఎక్కడి నుంచో వచ్చి మన మీద వ్రాలుతుంది. బెంగాలీలు "ఆమార్ భొయ్ కొర్చే" అంటారు, అంటే "నా భయం చేస్తోంది" అన్నట్లు. భయమే అక్కడ పని చేసేది!

"దిగులు పెట్టుకోవద్దు" అనడానికి వారు "ఞెరొబ్ సి స్తరొస్తి" అంటారు. అందులోని "సి" మన "కొను" వంటిదే. చేసుకొను, పెట్టుకొను అన్నప్పుడు ఆ పని తిరిగి తనకే తగులుతుంది కదా, ఆ చిన్న అక్షరం పనీ అదే. ఇది గ్రహించిన నాడు నాకు కలిగిన సంతోషం, పాత డ్రాయింగులో తప్పు పట్టుకొన్న నాటి సంతోషానికి తీసిపోదు.

ఇరుకునకూ వేదనకూ చుట్టరికం స్లోవాకులది మాత్రమే కాదు. జర్మనుల "ఆంగ్స్ట్", ఇంగ్లీషువారి "యాంగ్జైటీ", మన వేదసంస్కృతంలోని "అంహస్సు" అన్నీ బిగించడం, ఇరికించడం అనే అర్థమున్న ఒకే ధాతువు నుంచి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. తెలుగు వేరే కుటుంబానికి చెందినదైనా మనకూ "ఇరకాటం" ఉన్నది. అయితే "యే మి ఊస్కొ"ను అట్లా అనువదిస్తే ఒప్పుకోను. ఇరకాటం మనిషి పడిన పరిస్థితిని చెబుతుంది, గుండె లోపలి సంగతిని చెప్పదు. "గుండె పట్టేసినట్లున్నది" అంటేనే దగ్గరగా ఉంటుంది.

మూడవనాడు ఆయన భార్య లేచి కూర్చున్నదని ఫోను వచ్చింది. ఆయన నా భుజం తట్టి, "స్పదొల్ మి కమెఞ్ జొ సృత్సా" అన్నారు. నా గుండె మీది నుంచి రాయి పడిపోయింది, అని. ఆ చివరి మాటలో ఋకారం అచ్చంగా మన హృదయంలోని ఋకారమే.

తరువాత ఏడేళ్ళకు, 2023 జూన్ 2న, నేను ఖరగ్‌పూర్‌లో మా అక్క ఇంట్లో ఉన్నాను. మా మేనల్లుడు ఆ సాయంత్రమే కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకి బయలుదేరాడు. ఏడు గంటల ప్రాంతంలో బాలాసోర్ జిల్లా బాహానగా బజార్ స్టేషను వద్ద జరిగిన ఘోరం మీకందరికీ తెలిసినదే. దాదాపు 300 మంది ప్రాణాలు కోల్పోయారు. వాడి ఫోను పలకలేదు. బావగారు స్టేషనులోని సహాయకేంద్రానికి పరుగెత్తారు. పొరుగింటి బెంగాలీ ఆవిడ వచ్చి, తల పట్టుకొని, "మాథాయ్ ఆకాశ్ భేంగే పొడ్లొ" అన్నది. ఆకాశం విరిగి నెత్తిన పడిందని. మా అక్క యాభై ఏళ్ళుగా ఆవిడతో బెంగాలీలోనే మాట్లాడుతుంది. బేరమాడినా, పోట్లాడినా బెంగాలీయే. ఆ రాత్రి ఆమె నోటికి ఒక్క బెంగాలీ ముక్క రాలేదు. "తమ్ముడూ, నా కాళ్ళూ చేతులూ ఆడటం లేదురా" అన్నది.

కాఫీ త్రాగమని, కాసేపు నడుం వాల్చమని చెప్పబోయి మానుకొన్నాను. చాప మీద ఆమె ప్రక్కనే కూర్చున్నాను. పొరుగావిడ రెండవ ప్రక్కన కూర్చున్నది. అర్ధరాత్రి దాటిన తరువాత ఎవరిదో ఫోను నుంచి మేనల్లుడు పలికాడు. చెయ్యి విరిగింది, బాలాసోర్‌లో కట్టు కడుతున్నారు. అక్క అప్పుడు ఏడ్చింది.

వరండాలోకి వచ్చి స్లోవాక్ మిత్రునికి జరిగినది క్లుప్తంగా తెలిపి, చివర ఆ రాయి పడిపోయిన వాక్యాన్ని వారి భాషలోనే వ్రాసి పంపాను. జవాబు అయిదు నిమిషాలలో వచ్చింది. "ఎన్ మీద కొక్కెం మరచిపోయావు. కుర్రవాడికి విరిగినది కుడిచెయ్యా, ఎడమచెయ్యా?"