బోనస్ గీత మీది దొంగ అడుగు

ఆమదాలవలస అంటే కరణం మల్లీశ్వరి ఊరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఆ ఆటంతా నికరమైన బలం. కబడ్డీలో బలంతోపాటు మాయ కూడా కావాలి. మన కుర్రాళ్లు దాన్ని వెనకబడ్డాకే బయటికి తీస్తున్నారు, అది తప్పు. కూతకున్నది 30 సెకన్లు. బోనస్ గీత మీదికి కాలు చాపినట్టే చాపాలి. కార్నర్‌వాడు చీలమండ కోసం ఒంగగానే వీపు మీద చెయ్యి తగిలించి వచ్చెయ్యాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ అంతే: పరుగుకి ఇస్తున్నట్టు నటించి బంతి విసురుతారు. ముందు పరుగులు బాగా సాగితేనే ఆ ఎత్తు పారుతుందన్న పాత నమ్మకాన్ని అక్కడి లెక్కలు బలపరచలేదు. కాబట్టి మనమూ ఈ దొంగ అడుగుని మొదటి కూత నుంచే వాడాలి. అయితే నిజం అడుగూ దొంగ అడుగూ ఒకేలా పడాలి. భుజం ముందే తిరిగితే పట్టుబడిపోతారు. కోచ్‌లూ, రోజూ సాధనలో ఈ ఒక్క అడుగుకీ పావుగంట ఇవ్వండి.