మెస్సీ వచ్చిండు, మన టీం పోయింది

2025 డిసెంబర్ 13 నాడు మెస్సీ ఉప్పల్‌కు వచ్చిండు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గూడ జెర్సీ ఏస్కొని గ్రౌండ్‌ల దిగి బంతి తన్నిండు. తెల్లారి మా గల్లీ మూలమీది చాయ్ హోటల్‌ల ఒక్కటే ముచ్చట. పక్క బల్లమీద కూసున్న కాకా తేల్చి చెప్పిండు. "ఎంత మెస్సీ వస్తే ఏంది తమ్మీ, మనోళ్ల రక్తంల ఫుట్‌బాల్ లేదు. మనది క్రికెట్."

ఆ మాట నాకు గొంతు దిగలే.

మెస్సీ ఆడిన ఉప్పల్ స్టేడియం క్రికెట్‌ది. ఆయన రాకముందు రెండు నెలల కిందనే, మన పేరు పెట్టుకున్న హైదరాబాద్ ఎఫ్‌సీ మూట గట్టుకొని ఢిల్లీకి పోయింది. పేరు గూడ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని మార్చుకున్నది. గదే టీం 2022 మార్చిల ఐఎస్ఎల్ కప్పు గెల్చింది. కరోనా ఉండె గనుక ఆ సీజన్ మొత్తం గోవలనే నడిచింది, మన గడ్డమీద ఒక్క మ్యాచ్ ఆడకుండనే ఛాంపియన్ అయ్యింది. పోయినప్పుడు మనూర్ల ఎంతమందికి తెలిసిందో గూడ అనుమానమే.

ఇగ రక్తం ముచ్చటకొద్దాం. 1950 నుంచి 54 దాంక బొంబాయిల జరిగే రోవర్స్ కప్పును వరుసగ అయిదేండ్లు ఎవలు ఎత్తుకొచ్చిన్రు? హైదరాబాద్ సిటీ పోలీస్ టీం. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. బడిల పాఠాలు చెప్పిన సారు. 'మైదాన్' సినిమా తీసింది ఆయన మీదనే. ఆయన చేతికింద మన దేశం 1951ల, 1962ల ఏషియన్ గేమ్స్ బంగారం గెల్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఆస్ట్రేలియాను వాళ్ల దేశంలనే 4-2తోని కొట్టి నాలుగో స్థానంల నిలిచింది. ఆ టీంల మనోళ్లు చాలామందే ఉండిరి. గోల్‌కీపర్ తంగరాజ్ మనోడే. బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడల పుట్టిన పోరడు. తమిళం మాట్లాడే ఇంట్ల పుట్టినాయన ఒకరు, ఉర్దూ మాట్లాడే ఇండ్లల్ల పుట్టినోళ్లు ఇంకొందరు. మరి ఏ రక్తం ముచ్చట చెప్తున్నవు కాకా?

రక్తం కాదు, సౌలతు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ల బ్రిటిష్ పటాలాలుండె, గ్రౌండ్లుండె. సూసిన పోరగాళ్లు ఆడిన్రు. ఒక్క బంతి ఉంటే ఇరవై మంది ఆడుకోవచ్చు. అన్నిటికన్న పెద్ద ముచ్చట నౌకరీ. మంచిగ ఆడినోడికి పోలీసుల కొలువు దొరుకుతుండె. "బంతి తంతే బువ్వ దొరుకుతదా" అని అడిగే తల్లిదండ్రులకు అప్పుడు "దొరుకుతది" అని జవాబుండె. రహీం సారు గూడ ఊకె విజిల్ ఊది పంపినాయన కాదు. డ్రిబ్లింగ్ చేయకుండ ఆడాలని ఒక టోర్నమెంట్ పెట్టేది, ఒక్క తన్నుకే పక్కోడికి పాస్ ఇచ్చుడు రావాలని. అలవాటు లేని కాలుతోనే ఆడాలని ఇంకోటి పెట్టేది.

1963ల ఆయన క్యాన్సర్‌తోని పోయిండు. తర్వాత మెల్లమెల్లగ డిపార్టుమెంట్ టీంలు బలహీనమైనయ్, గ్రౌండ్ల మీద బిల్డింగులు లేచినయ్. 1983ల కపిల్ దేవ్ కప్పు ఎత్తిండు, అటెన్క ఇంటింటికి టీవీ వచ్చింది. టీవీకి క్రికెట్ అంటె ఎందుకంత పానమో ఎప్పుడన్న ఆలోచించిన్రా? ఆరు బంతులకోపారి గ్యాప్, వికెట్ పడితె గ్యాప్. ప్రతి గ్యాప్‌ల సబ్బో సిమెంటో అమ్మొచ్చు. ఫుట్‌బాల్ 45 నిమిషాలు ఆగకుండ నడుస్తది, అడ్వర్టైజ్‌మెంట్ ఏడ ఇరికిస్తరు? 2008ల ఐపీఎల్ వచ్చినంక లెక్క పూర్తిగ క్రికెట్‌దైంది. గల్లీల "వన్ టప్ప ఔట్", "గోడ దాటితె ఔట్" అని పోరగాళ్లు ఆ ఆటను ఇరుకు సందుకు కుట్టుకున్నరు గదా, అది మాత్రం వాళ్ల తెలివే, టీవీది కాదు.

బయట దేశాలల్ల గూడ ఇదే కథ. అమెరికోళ్లకు క్రికెట్ తెల్వదంటం. కని మొట్టమొదటి అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్ 1844ల న్యూయార్క్‌ల అమెరికాకు, కెనడాకు నడుమ జరిగింది. తర్వాత వాళ్ల అంతర్యుద్ధం నాటికి బేస్‌బాల్ పైచేయి అయ్యింది. ఇప్పుడు సూస్తె డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీల బేస్‌బాల్ స్టేడియాన్నే క్రికెట్‌కు మార్చిన్రు. 2024ల అమెరికా టీం పాకిస్తాన్‌ను ఓడగొట్టింది ఆడనే. ఆ చుట్టుపక్కల మన తెలుగోళ్లు ఎంతమందున్నరో నేను చెప్పనక్కరలేదు.

ఐర్లాండ్‌ల ఆట అంటెనే రాజకీయం. ఇంగ్లీషోని ఆటలు ఆడొద్దు, సూడొద్దు గూడ అని 1884ల పుట్టిన వాళ్ల సొంత ఆటల సంఘం నిషేధం పెట్టింది. 1938ల దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఫుట్‌బాల్ మ్యాచ్ సూడవోయిండని సంఘం గౌరవ పదవి నుంచి తీసేసిన్రు! ఆ నిషేధం 1971 దాంక నడిచింది. మన కలకత్తల ఉల్టా జరిగింది. ఇంగ్లీషోని ఆటతోనే ఇంగ్లీషోన్ని కొట్టాలనుకున్నరు. 1911ల మోహన్ బగాన్ పోరగాళ్లు, ఎక్కువమంది ఉత్త కాళ్లతోని, తెల్ల పటాలం టీంను 2-1తోని ఓడగొట్టిన్రు. బెంగాలోళ్లకు ఫుట్‌బాల్ పిచ్చి ఎందుకంటె జవాబు ఆడికెళ్లే మొదలు.

గందుకే "మన కల్చర్‌ల లేదు" అనే మాట మీద నాకు నమ్మకం లేదు. ఆ మాట ఎక్కువసార్లు గ్రౌండ్ ఇయ్యనోడికే పనికొస్తది. ఆడపిల్లల దగ్గరైతె మరీను. నిజామాబాద్‌ల నిఖత్ జరీన్ బాక్సింగ్ చేస్తనంటె చుట్టుపక్కలోళ్లు ఇదే మాట అన్నరు. ఆమె 2022ల, 2023ల వరల్డ్ ఛాంపియన్ అయ్యింది.

నా మేనకోడలు ఎనిమిది చదువుతది. కబడ్డీ అంటె పానం. దాని బడి ఒక నాలుగంతస్తుల బిల్డింగ్. గ్రౌండ్ లేదు, వారానికి ఒక్క ఆటల పీరియడ్ ఉంటె అది గూడ లెక్కల సారు తీస్కుంటడు. ఫీజుల మాత్రం స్పోర్ట్స్ అని ఒక లైన్ ఉన్నది. అడగవోతె "మా దగ్గర పేరెంట్స్ చదువే కోరుతరు సార్" అన్నరు. అది గూడ కల్చరేనట.

మొన్న ఐతారం టేపు పట్టుకొని డాబా మీదికి గుంజుకపోయింది. ఆడోళ్ల కబడ్డీ కోర్టు 12 మీటర్లు పొడుగు, 8 మీటర్లు ఎడల్పు. పొడుగు సరిపోయింది. ఎడల్పుల నీళ్ల ట్యాంకు అడ్డమొచ్చింది. "మామా, ట్యాంకును జరుపుదమా?" అని అడిగింది. ఓనర్‌ను అడిగి సూస్త అన్న.